పరుపులు, పక్కబట్టలు: రైతు తెలుసుకోవలసిన మాటలు

మన పత్తి, మిరప ప్రాంతంలో పెండ్లి కుదిరిన ఇంట రాసుకునే సామాను జాబితాలో మంచం, పరుపు, దిండ్లు, దుప్పట్లు తప్పకుండా ఉంటాయి. పంట అమ్మిన డబ్బులో వీటి కింద పోయేది తక్కువేమీ కాదు. ఐనా, విత్తనం కొనేటప్పుడు సంచి మీది చీటీ చదివి, బిల్లు అడిగి తీసుకునే రైతు, పరుపు కొనేటప్పుడు మాత్రం చేత్తో ఒకసారి నొక్కిచూసి డబ్బు చెల్లించి వస్తాడు. దుకాణదారు చెప్పే కౌంటు, డెన్సిటీ, మైక్రోఫైబరు వంటి మాటలకు అర్థం అడగడు. అడిగితే పత్తి పండించే మనిషికి ఈ మాత్రం తెలియదా అంటారేమోనని మొగమాటం.

తెలియకపోవడంలో తప్పు లేదు. పత్తి పండించడం వేరు, పరుపు కుట్టించడం వేరు. పొలంలో మంచి పత్తి అని దేనిని మెచ్చుకుంటామో అది పరుపులో అంత మంచిది కాదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే పక్క సామాను గురించి సగం తెలిసినట్లే. అందువలన ముందుగా నేలమీదినుంచి పైకి, చాప మొదలు దుప్పటి దాకా, ఏ మాటకు ఏ అర్థమో చూద్దాం. గ్రామ అధికారులు కూడా చివరి రెండు భాగాలను శ్రద్ధగా చదవవలెనని మనవి. అవి ప్రాణానికి సంబంధించినవి.

చాప, మంచం

తుంగచాప, ఈతచాప, తాటాకు చాప అనే మూడూ మనకు తెలిసినవే. తుంగచాప మెత్తన, చల్లన. మడవక చుట్టిపెడితే ఎక్కువకాలం ఉంటుంది. ఈతచాప గరుకు, గట్టిది. ధాన్యం ఆరబోయడానికీ పనికివస్తుంది. చాప గాలి ఆడనిస్తుంది, చెమట పట్టి ఉంచదు. ప్లాస్టిక్ చాప కడగడానికి తేలికే గాని దానిమీద పడుకుంటే చెమట వీపుకే అంటుకొని ఉంటుంది. చాపమీద పరిచే జంపఖానా ముతక నూలుతో, మందంగా, రెండు వైపులా వాడుకునేటట్లు నేసిన పరుపుగుడ్డ. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

మంచానికి నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు. పట్టెలమధ్య అల్లిన దానిని బట్టి పేరు. నారతాడుతో అల్లినది నులకమంచం. నూలు పట్టీతో అల్లినది నవారు మంచం. చెక్క పరచినది బల్ల మంచం. నులక సడలి మధ్య గుంటపడితే కుక్కిమంచం. కుక్కిమంచం మీద ఎంత మంచి పరుపు వేసినా నడుము నొప్పి తప్పదు. పరుపు బాగాలేదని దుకాణదారును తిట్టేముందు నులక బిగించి చూడండి. చాలా ఇండ్లలో రోగం పరుపుది కాదు, మంచానిది.

పరుపుకు ఏ పత్తి?

మన గుంటూరు, కృష్ణా నేలల్లో ఒకప్పుడు విరివిగా పండిన దేశవాళీ పత్తికి కోకనాడ పత్తి అని వ్యాపారనామం. కాకినాడ రేవునుంచి ఎగుమతి అయ్యేది గనుక ఆ పేరు. దాని పింజ పొట్టిది, ముతకది. ఆ తరువాత అమెరికన్ జాతి రకాలు, 1970లలో వరలక్ష్మి వంటి సంకరాలు, 2002 నుంచి బి.టి. సంకరాలు వచ్చాయి. వీటి పింజ పొడవు, పోగు సన్నం. ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించేటప్పుడు పొడవు పింజ పత్తికి 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్ల పొడవు, 3.5 నుంచి 4.3 మైక్రోనేరు ఉండాలని కొలత పెట్టింది. మైక్రోనేరు అంటే పోగు సన్నదనాన్ని, పక్వతను కలిపి తెలిపే అంకె. అంకె పెరిగినకొద్దీ పోగు ముతక. దేశవాళీ ముతక పత్తిలో ఈ అంకె 6, 7 దాకా పోతుంది.

మిల్లువానికి పొడవైన సన్నని పోగు కావాలి, ఎందుకంటే అది ఒకదానితో ఒకటి పెనవేసుకొని గట్టి నూలు అవుతుంది. పరుపుకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పరుపులో దూది నొక్కినప్పుడు అణగాలి, వదిలినప్పుడు లేవాలి. పొట్టి ముతక పోగు చిన్న స్ప్రింగు వలె లేస్తుంది. సన్నని పొడవు పోగు ఒకదానికొకటి చుట్టుకొని, చెమట తగిలినకొద్దీ అట్టకట్టి, ఏడాదికే గడ్డలవుతుంది. ఇంటి పత్తితో కుట్టించిన పరుపు గడ్డలు కట్టినదని, దూదేకే మనిషి మోసం చేశాడని చెప్పుకోవడం పల్లెల్లో వింటుంటాము. చాలాసార్లు ఆ మనిషి తప్పేమీ ఉండదు. ఇచ్చిన పత్తే మిల్లుకు పోవలసినది.

లెక్క కూడా చూడండి. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల ఒంటి పరుపుకు సుమారు 12 కిలోల దూది పడుతుంది. మన పత్తిలో మూడవ వంతు దూది, మిగిలినది గింజ. అంటే 36 కిలోల పత్తి కావలెను. 2025–26 సంవత్సరానికి పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ లెక్కన 36 కిలోలకు సుమారు 2,920 రూపాయలు. గింజల విలువ కొంత తిరిగి వచ్చినా, జిన్నింగుకు, రానుపోను ఖర్చుకు అదే సరి. ఆ పత్తిని అమ్మి, పొట్టి పింజ దేశవాళీ దూదిని కొని కుట్టిస్తే పరుపూ మేలు, చేతిలో కొంత మిగులూ ఉండవచ్చు. ఇంటి పత్తి అనే మమకారం కాదనలేనిది. ఆ మమకారం ఉన్నవారు చివరి తీతలో వచ్చే పొట్టి, పక్వమైన పత్తిని ఏరి, కాయ తొక్కలు, ఆకు తీసివేసి వాడుకోండి. పురుగు తిన్న గుడ్డి పత్తి మాత్రం వద్దు. అందులో పక్వం కాని చచ్చుపోగు ఎక్కువ, అది లేవదు.

దూది కొనేటప్పుడు తేమ సంగతి మరువరాదు. కాటన్ కార్పొరేషన్ కొనుగోలు కేంద్రంలో 8 శాతం తేమకు పూర్తి ధర. అక్కడినుంచి 12 శాతం దాకా ధర తగ్గిస్తూ పోయి, ఆపైన తీసుకోరు. మనం అమ్మే పత్తికి తేమ కొలిచే యంత్రం ఉన్నది గాని మనం కొనే దూదికి కొలిచేవారు లేరు. కనుక వానాకాలంలో దూది కొనకండి. కొనవలసివస్తే ఒక పూట ఎండలో ఆరబోసి, ఆపైన తూకం వేయించండి.

ఏకడం, కుట్టడం

జిన్నింగులో గింజ తీసిన దూది ముద్దలు ముద్దలుగా ఉంటుంది. ఆ ముద్దను విడదీసి పోగుపోగుగా పొంగించడమే ఏకడం. విల్లుకు నారి బిగించి, దానిని కొయ్యతో మీటుతూ ఆ అదురుకు దూదిని ఎగరగొట్టడం పాతపద్ధతి. దూదేకులవారు, నూర్‌బాషాలు తరతరాలుగా చేసిన పని ఇది. పింజను విడదీసేవారు గనుక పింజారులన్నారు. ఆ మాటను ఇప్పటికీ కొందరు తిట్టుగా వాడుతున్నారు. ఊరందరినీ మెత్తని పక్కమీద పడుకోబెట్టిన వృత్తి పేరు తిట్టు కావడం మనకు శోభించదు.

ఇప్పుడు చాలాచోట్ల కరెంటు యంత్రంతో ఏకుతున్నారు. పని త్వరగా అవుతుంది గాని, యంత్రంలో రెండు మూడు సార్లు తిప్పితే పోగు తెగి పొడి అవుతుంది. ఒక్కసారి చాలు. పాత పరుపును మూడు నాలుగేళ్ళకు ఒకసారి విప్పి ఏకించుకోవచ్చు. ఇచ్చేటప్పుడు ఒక తూకం, తీసుకునేటప్పుడు ఒక తూకం వేయించండి. దుమ్ము, పొడి పోయి కొంత తగ్గడం సహజమే. బాగా తగ్గితే అడగవలసిందే. తగ్గిన మేరకు కొత్త దూది కలిపించుకోవాలి. ఏకేచోట పిల్లలను, ఉబ్బసం ఉన్నవారిని ఉండనివ్వకండి. పనివారు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవలెను.

పరుపు గుడ్డ దగ్గరి నేత గలది, చారల గుడ్డ, కావాలి. దీనిని వ్యాపారులు టిక్కింగు అంటారు. నేత వదులైతే దూది పోగులు బయటికి వస్తాయి. దూది పరచి, అంచు కుట్టి, దబ్బనంతో అడుగునుంచి పైదాకా గుచ్చి జానెడు జానెడు దూరంలో ముడివేస్తారు. ఆ ముళ్ళే దూదిని కదలకుండా పట్టి ఉంచుతాయి. ముళ్ళు దూరందూరంగా వేస్తే కూలి మిగులుతుంది, ఆరు నెలలకు దూది ఒకపక్కకు జారుతుంది.

బూరుగ దూది, గింజ నూగు, రద్దీ

బూరుగ దూది పత్తికి సంబంధించినది కాదు. చెట్టు కాయలో పండే పట్టులాంటి పోగు. పోగులోపల డొల్ల ఉండి గాలి నిండి ఉండడం వలన చాలా తేలిక; మైనపు పూత వలన నీరు అంటదు. ఆ గుణంవల్లనే రెండవ ప్రపంచ యుద్ధకాలం దాకా ఓడలలో నీట తేల్చే చొక్కాలకు జావా ద్వీపం బూరుగ దూదిని వాడేవారు. దిండుకు ఇంతకంటె మెత్తనిది మన చేతికందే వాటిలో లేదు. పరుపుకు మాత్రం అంత మంచిది కాదు. బరువు పడేచోట పోగు విరిగి పొడి అవుతుంది. తిరిగి ఏకడానికీ లొంగదు. నిప్పుకు త్వరగా అంటుకుంటుంది గనుక పొయ్యి దగ్గర, దీపం దగ్గర జాగ్రత్త.

అమెరికన్ పత్తిలో జిన్నింగు తరువాత కూడా గింజకు పొట్టి నూగు అంటుకొని ఉంటుంది. నూనె మిల్లులలో గింజ ఆడించే ముందు ఈ నూగును గీకి తీస్తారు. లింటరు అనే పేరుతో అమ్ముడుపోయేది ఇదే. ఆసుపత్రి దూదికి, కాగితానికి, పరుపులకు వాడతారు. శుభ్రమైన మొదటి గీత నూగు పరుపుకు పనికివస్తుంది. దూది అని చెప్పి దూది ధరకు అమ్మితే మాత్రం మోసం. గిచ్చి లాగితే పొడిలా రాలిపోతుంది, పోగు కనపడదు, అదే గుర్తు.

అన్నిటికంటె హీనమైనది రద్దీ. నూలుమిల్లు నేల ఊడ్పు, దర్జీ కత్తిరింపులు, పాతబట్టలు యంత్రంలో చింపి చేసిన రంగురంగుల చింపిరి, ఇవన్నీ కలిపి పైకి కొత్త మెరుపు గుడ్డ తొడిగి సంతలోను, బండిమీదను అమ్ముతారు. కొనేముందు ఒక మూల రెండంగుళాలు కుట్టు విప్పి చూపమనండి. పిడికెడు తీసి వెలుతురులో విదిలించండి. రంగు దారాలు, గింజ ముక్కలు, నూనె వాసన ఉంటే వదిలివేయండి. విప్పి చూపడానికి ఒప్పుకోకపోతే లోపల ఏమున్నదో చెప్పనక్కరలేదు.

దుకాణపు పరుపులు

కాయిరు పరుపు అంటే కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి దిమ్మగా చేసినది. గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది, నడుము నొప్పివారికి నప్పుతుంది. కొన్నేళ్ళకు పడుకునేచోట పల్లం పడుతుంది. అప్పటిదాకా తలవైపు, కాళ్ళవైపు మారుస్తూ ఉండాలి.

నురుగు పరుపు, అంటే ఫోము. దీనిని రసాయనాలతో తయారుచేస్తారు. దీని విషయంలో వినవలసిన మాట డెన్సిటీ. ఒక ఘనమీటరు నురుగు ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె. 32 డెన్సిటీ అంటే ఘనమీటరుకు 32 కిలోలు. ఈ అంకెను మనం ఇంట్లో తక్కెడతోనే సరిచూడవచ్చు. 72 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం గల దిమ్మ ఘనపరిమాణం 0.17 ఘనమీటరు. దానిని 32తో హెచ్చిస్తే సుమారు ఐదున్నర కిలోలు. 40 డెన్సిటీ అయితే 6 కిలోల 800 గ్రాములు. గుడ్డ తీసి తూచినప్పుడు నాలుగు కిలోలే ఉంటే చెప్పిన అంకె అబద్ధం. డెన్సిటీ గట్టిదనం కాదు, మన్నిక. ఎక్కువ డెన్సిటీ గల మెత్తని నురుగూ ఉంటుంది.

మెమరీ ఫోము అనేది అమెరికా అంతరిక్ష సంస్థ కోసం 1960లలో చేసిన పరిశోధనలో పుట్టినది. ఒంటి వేడికి కరిగినట్లు అణగి ఒంటి ఆకారం పట్టుకుంటుంది. చలిదేశంలో హాయి. రెంటచింతల ఎండలలో కరెంటు పోయిన రాత్రి దానిమీద పడుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? లేటెక్సు రబ్బరు చెట్టు పాలతో చేసిన నురుగు. మన్నిక ఎక్కువ, ధరా ఎక్కువే. స్ప్రింగు పరుపులు బరువు, పల్లె ఇంటి మేడమెట్లు ఎక్కించి ఎండవేయడం కష్టం.

కొలతలు దుకాణాన్ని బట్టి కొంచెం మారుతాయి. సాధారణంగా సింగిల్ 72 × 36 అంగుళాలు, క్వీన్ 78 × 60, కింగ్ 78 × 72. మన వడ్రంగి చేసిన మంచం ఈ కొలతలకు సరిపోకపోవచ్చు. పట్టెల లోపలి కొలత టేపుతో కొలుచుకొని పోండి, మంచం పేరు చెప్పి కాదు.

దుప్పటి

కింద పరిచేదీ, పైన కప్పుకునేదీ రెంటినీ మనం దుప్పటి అనే అంటాం. దుకాణంలో పరిచేది బెడ్‌షీటు. కప్పుకునేది మందాన్ని బట్టి దుప్పటి, రగ్గు, రజాయి. షోలాపురం దుప్పటి అంటే రెండు వైపులా బొమ్మ కనిపించే మందపు నేత నూలు దుప్పటి. కంబళి, గొంగళి గొర్రె ఉన్నితో నేసినవి. దిండుకు తొడిగేది గలీబు. పొడవుగా గుండ్రంగా ఉండే దిండు బాలీసు. రజాయి మురికి కాకుండా సంచివలె తొడిగే గుడ్డను డువే కవరు అంటున్నారు. ఎలాస్టిక్ అంచుతో పరుపు నాలుగు మూలలకు తగిలేది ఫిట్టెడ్ షీటు. పరుపు మందం చెప్పి కొనకపోతే పట్టదు.

మనం మిల్లుకు అమ్మిన పొడవు పింజ పత్తి తిరిగి మన ఇంటికి వచ్చేది ఈ దుప్పటి రూపంలోనే. దీని విషయంలో రెండు లెక్కలు వేరుచేసి తెలుసుకోవాలి.

మొదటిది నూలు కౌంటు. చీరాల, జాండ్రపేట నేత ఇండ్లలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. 840 గజాల చిలపలు ఒక పౌనుకు, అంటే 453.6 గ్రాములకు, ఎన్ని తూగితే అంత కౌంటు. 20 కౌంటు ముతక, 40 కౌంటు సన్నం, అంకె పెరిగితే నూలు సన్నబడుతుంది. పొట్టి దేశవాళీ పత్తితో సన్న నూలు రాదు. 30 మిల్లీమీటర్ల పింజతో 40 కౌంటు తీయవచ్చు. పరుపుకు పనికిరాదన్న పత్తికి మార్కెట్టులో ఎక్కువ ధర ఎందుకో ఇప్పుడు తెలిసింది గదా.

రెండవది దారాల లెక్క. చదరపు అంగుళంలో పడుగు పోగులు ఎన్ని, పేక పోగులు ఎన్ని, రెండూ కలిపితే వచ్చే మొత్తం. మన ఎండలకు 150 నుంచి 300 దాకా చాలు. గాలి ఆడుతుంది, చాకిరేవు ఉతుకులకు నిలుస్తుంది. 800, 1000 అని అట్టపెట్టె మీద అచ్చువేస్తారు. రెండు మూడు సన్న పోగులు పేనిన ఒక దారాన్ని రెండుగా, మూడుగా లెక్కించడం వలన వచ్చిన అంకెలు చాలావరకు అవి. అంగుళంలో పట్టే దారాలకు ఒక హద్దు ఉన్నది. 400 దాటిన అంకెను అనుమానంతో చూడండి.

మైక్రోఫైబరు అంటే సన్నని పాలియెస్టరు. తాకితే మెత్తన, వాన రోజుల్లో త్వరగా ఆరుతుంది, చెమట పీల్చదు. పేరులో కాటన్ అనే మాట తగిలించి అమ్మేవి కొన్ని పూర్తిగా ఇదే. అంచునుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి, మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టరు ముడుచుకుపోయి, కరిగి గట్టి పూస కడుతుంది. రెండూ కలిసిన గుడ్డలో రెండు గుర్తులూ కనిపిస్తాయి. జి.ఎస్.ఎం. అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందనే లెక్క. రగ్గులు, రజాయిలు కొనేటప్పుడు అడగవలసిన అంకె ఇది.

బొంతను చిన్నచూపు చూడకండి. నాలుగైదు పాత నూలుచీరలు పొరలుగా పరచి దగ్గర కుట్లు వేసిన బొంత ఒక్క ఎండకు ఆరుతుంది, ఉడకబెట్టి ఉతకవచ్చు, దుమ్ము పట్టదు. పసిపిల్లలకు, ఉబ్బసం ఉన్నవారికి పరుపుకంటె బొంతే మేలని నా అభిప్రాయం. పరుపును ఉతకలేము, బొంతను వారానికొకసారి ఉతకవచ్చు. పట్టణాలలో ఇదే పని కొత్తగుడ్డతో చేసి క్విల్టు అనే పేరుతో మంచి ధరకు అమ్ముతున్నారు.

నల్లులు, పురుగుమందు, ఖాళీ సంచులు

ఈ భాగాన్ని ఇంట్లో ఆడవారికి కూడా చదివి వినిపించండి. పత్తికి, మిరపకు కొట్టగా మిగిలిన పురుగుమందును నల్లుల కోసం మంచం మీద, పరుపు మూలల్లో చల్లడం కొన్ని ఇండ్లలో ఉన్నది. ఇది మహా ప్రమాదం. పొలంలో మందు గాలికి, ఎండకు పోతుంది. పరుపులో దూది దానిని పీల్చి దాచుకుంటుంది. ఆపైన ఎనిమిది గంటలు దానిమీద చెమట పడుతుంది, పసిపిల్ల ముఖం ఆనించి పడుకుంటుంది. మందు చర్మం గుండా, శ్వాస గుండా ఒంట్లోకి పోతుంది. ఒకసారి పంటమందు పడిన పరుపును ఉతికి బాగుచేయలేము; వాడకం మానవలసిందే.

నల్లికి వేడి చాలు. 50 డిగ్రీల వేడి నిలకడగా తగిలితే నల్లి, గుడ్డు రెండూ చస్తాయి. నులకమంచాన్ని వాకిట్లో వేసి, నులక ముడులలో, పట్టెల బెజ్జాలలో మరగకాచిన నీరు పోయండి. దుప్పట్లు, గలీబులు, బొంతలు ఉడకబెట్టండి. పరుపును ఏప్రిల్, మే ఎండలో నల్లని పట్టా కప్పి, మధ్యాహ్నం తిరగవేసి, వరుసగా రెండు మూడు రోజులు ఎండవేయండి. తప్పించుకున్నవి ఉంటాయి గనుక పది రోజుల తరువాత మళ్ళీ చేయాలి. గోడ పగుళ్ళు పూడ్చకపోతే ఎంత చేసినా తిరిగి వస్తాయి.

సంచుల సంగతి. ఎరువుల ప్లాస్టిక్ సంచులు కుట్టి పట్టాలు చేసుకోవడం మన వాడుక. బాగా కడిగి ఆరబెట్టినవి కళ్ళంలో మిరప కింద పరచడానికి కూడా నేను సలహా ఇవ్వను, కాయకు ఎరువు అంటుతుంది. నేలతేమ తగలకుండా చాప కింద పరచుకోవచ్చు. ఒంటికి నేరుగా తగలరాదు. పురుగుమందు గుళికలు వచ్చిన సంచులు, మందు డబ్బాల అట్టపెట్టెలు, మందు పట్టించిన విత్తనపు సంచులు పక్కకింద ఎట్టి పరిస్థితిలోను వాడరాదు. మందు కొట్టేటప్పుడు తలకు చుట్టుకున్న తువ్వాలును రాత్రి దిండుగా చుట్టి పడుకోరాదు.

ఇంట్లో కుప్పబోసిన పత్తిమీద పడుకోవడం, ఆ గదిలో బీడీ కాల్చడం రెండూ మానాలి. దూదికి నిప్పంటితే మంట లేకుండా లోలోపల రాజుకుంటుంది. పైన నీళ్ళు పోస్తే ఆరినట్లు కనిపించి, గంటల తరువాత మళ్ళీ లేస్తుంది. అంటుకున్న పరుపును వెంటనే బయటికి లాగి, కుట్టు కోసి, లోపలి దూది అంతా తడిసేటట్లు నానబెట్టవలెను.

కళ్ళంలో పడక

మిరపకోతల కాలంలో, జనవరినుంచి ఏప్రిల్ దాకా, కళ్ళాల దగ్గర కాపలాకు పడుకునేవారు, పాత కర్నూలు జిల్లా వంటి దూరప్రాంతాలనుంచి వచ్చి పొలాల్లో పాకలు వేసుకునే కూలీలు ఎందరో ఉన్నారు. వీరి పక్క సాధారణంగా నేలమీద ఒక పట్టా, ఒక దుప్పటి. కట్లపాము రాత్రిపూట తిరిగే పాము. ఎలుకలు, చిన్న పాములు ఉన్నచోట తిరుగుతూ నేలమీద పడుకున్నవారి పక్కలోకి వస్తుంది. మనిషి నిద్రలో కదిలితే కరుస్తుంది. ఆ కాటుకు నొప్పి ఉండదు, గాటు కంటికి కనపడకపోవచ్చు. మనిషి నిద్రనుంచి లేవకపోవచ్చు కూడా. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, గుటక పడకపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి అందకపోవడం మొదలవుతాయి. వీటిని చూసి అజీర్ణమనో, తాగి పడుకున్నాడనో అనుకొని వదిలేస్తే మనిషి దక్కడు.

దీనికి మందు పక్కలోనే ఉన్నది. నులకమంచం, దోమతెర. మంచం కళ్ళానికి తీసుకుపోవడం నామోషీ కాదు. కోళ్ళు మూరెడు ఎత్తయినా ఉండాలి, దుప్పటి అంచు నేలకు వేలాడరాదు. దోమతెర అంచులను బొంత కింద చుట్టూ గట్టిగా దోపాలి. మంచం లేనివారు నేలమీద పడుకున్నా సరే, దోమతెర అంచు చాప కిందికి దోపి పడుకుంటే పాము లోపలికి రాలేదు. పక్క పరిచేముందు దుప్పటి విదిలించండి. తలదాపున ధాన్యం, రొట్టెముక్కలు ఉంచకండి. వాటికి ఎలుక, ఎలుక కోసం పాము.

గ్రామ అధికారులకు ఒక మనవి. కోతలకు వలస కూలీలు దిగిన వారంలోనే పాకల దగ్గరకు ఒకసారి పోయి ఎందరు నేలమీద పడుకుంటున్నారో చూడండి. ఆ పొలం రైతు ఇంట్లో పాత నులకమంచాలు, చాపలు అటకమీద పడి ఉంటాయి, ఇప్పించండి. దోమతెరల విషయం ఆరోగ్య కార్యకర్తతో మాట్లాడండి. దగ్గరలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో పాముకాటుకు విరుగుడు సూది ఉన్నదో ముందే కనుక్కొని, పాకలవద్ద అందరికీ చెప్పి ఉంచండి. పై లక్షణాలు కనపడినవెంటనే, పాము కనిపించినా కనిపించకపోయినా, గాటు ఉన్నా లేకపోయినా, 108కి ఫోను చేయాలి. కట్టు బిగించి కట్టడం, కోయడం, మంత్రం, పసరు వద్దు. మనిషిని నడిపించకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి, మంచంతో సహా మోసుకొని రోడ్డుకు చేర్చండి.